పై కొండలో ఉలి చప్పుడు

పై కొండ సమాధుల తోట పేరెత్తితే మా ఊళ్ళో గుర్రాలు కూడా చెవులు నిక్కించేవంటారు. గుర్రాల సంగతి నాకు తెలీదు గానీ మనుషుల సంగతి తెలుసు. పొద్దు వాలాక ఆ రాతిగోడ పక్కనించి నడిచిన మగాడు మా ఊళ్ళో లేడు. అందరూ పరిగెత్తినవాళ్ళే.

ఆ తోట వాలకమే అంత. గేటు తియ్యగానే ముందు వరసలో నల్ల పలకరాళ్ళు, ఒక్కోటీ ఒక్కో పక్కకి ఒరిగి... వాటి నెత్తిన రాతిలో చెక్కిన, రెక్కలున్న పుర్రెలు. పళ్ళన్నీ బయటపెట్టి, వచ్చినవాణ్ణి ఎగాదిగా చూస్తుంటాయి. వాటి కింద ఇసుక గడియారం ఒకటి — నీ టైమూ అయిపోతోంది సుమా అన్నట్టు. రెండో వరసకొచ్చేసరికి పుర్రెలు పోయి, కొమ్మలు నేలకి వాల్చి ఏడ్చే చెట్లూ, వాటి కింద కూజాలూ. పసిపిల్లల రాళ్ళ మీద గొర్రెపిల్లలు. వందేళ్ళ వానకి అరిగి అరిగి అవి ఇప్పుడు రొట్టెముక్కల్లా ఉంటాయి.

ఇంక గుర్రాల బేరగాడు జేబెజ్ రాయి ఉంది. అందరి రాళ్ళ మీదా చెక్కిన చూపుడువేలు పైకి, ఆకాశం వంక చూపిస్తుంది. జేబెజ్‌ది మాత్రం కిందికి చూపిస్తుంది. అతను అమ్మిన గుర్రాలని ఎరిగినవాళ్ళెవరికీ అందులో ఆశ్చర్యం కనపళ్ళేదు. జేబెజ్ ఇంటివాళ్ళు ఇప్పటికీ ఆ రాయి దగ్గర నిలబడి ఫొటో దిగరు.

ఇవన్నీ పగటి భయాలు. రాత్రి భయం వేరే ఉంది. దాని పేరు సైలస్.

సైలస్ ముడ్జెట్ మా ఊరి రాయి చెక్కేవాడు. చుట్టుపక్కల కొండల్లో చచ్చినవాడెవడూ అతని చెయ్యి తప్పించుకోలేదు. రాతిపొడి ఊపిరితిత్తుల్లో చేరి చివరికి తనూ పోయాడు. పోయిన మరుసటేడు చలికాలం ముందు మొదలైంది... పై కొండ మీద, చీకటి పడుతుండగా —

టక్... టక్... టక్‌టక్.

ఉలి చప్పుడు.

సైలస్ వచ్చాడన్నారు. ఈ చలికాలంలో పోబోయేవాళ్ళ పేరు చెక్కి పెడుతున్నాడన్నారు. ఆ చప్పుడు విన్న ప్రతి ఏడూ, మంచు కరిగేలోపు ఊళ్ళో ఎవరో ఒకరు పోయారు కూడా. మా ఊళ్ళో సగంమంది డెబ్భై దాటినవాళ్ళే, చప్పుడు లేకపోయినా పోయేవాళ్ళే కదా అని నేనంటే, కెజయాకి అన్నిటికీ వెటకారమే అని నా మీద పడేవారు.

కెజయా అంటే నేనే. ఈ కథలో ప్రాణాలు అరచేతిలో పెట్టుకున్నవాడు నా తమ్ముడు హోలిస్ టటిల్. అమ్మా నాన్నా పోయాక మేమిద్దరం ఒకే ఇంట్లో, ఒకే పొయ్యి దగ్గర ముసలివాళ్ళమయ్యాం. వాడు ఆవుల్ని చూసుకుంటాడు, నేను వాణ్ణి చూసుకుంటాను. మంచివాడే. కాకపోతే పిరికి. కోళ్ళ గూడు తలుపు వెయ్యడానిక్కూడా నన్ను తోడు రమ్మనేవాడు.

అలాంటివాణ్ణి సమాధుల తోటకి పెద్దని చేశారు. అది కూడా ఎలాగనుకున్నారు? మార్చిలో ఊరిసభ జరుగుతోంది. బయట చలికి ట్రక్కు ఇంజను గడ్డకడుతుందేమోనని వీడు దాని ముక్కుమీద కంబళి కప్పడానికి వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి అందరూ చేతులెత్తి వీణ్ణి ఎన్నుకున్నారు. సభలో లేనివాణ్ణి ఎన్నుకోవడం మావాళ్ళకి పరమానందం. లేనివాడు వద్దనలేడు గదా.

"అక్కా, నువ్వక్కడే ఉన్నావుగా! వద్దని చెప్పొచ్చుగా!" అన్నాడు ఇంటికొచ్చాక.

"నేనే మొదట చెయ్యెత్తాను రా. కాస్త ధైర్యం అలవాటవుతుందని" అన్నాను.

ఆ పెద్దరికంలో ఒక చిక్కు పని ఉంది. మా దగ్గర డిసెంబరునించి ఏప్రిల్ దాకా నేల ఇనుమే. గడ్డపార దిగదు. అందుకని నవంబరులోనే, నేల మెత్తగా ఉండగానే, రాబోయే చలికాలానికి కొన్ని గోతులు ముందే తవ్విపెట్టాలి. ఎవరికోసమో ఎవరూ పైకి అనరు. సమాధుల తోట పెద్ద తనంతట తనే మనసులో లెక్కేసుకోవాలి. గోతులు చాలకపోతే, మిగిలినవాళ్ళని కొండ కింద రాతిగదిలో ఇనప తలుపేసి మే నెల దాకా దాస్తారు. ఆ ఏడు హోలిస్ టేపు పట్టుకుని ఏసా పార్కర్ వాళ్ళ చోట కొలుస్తుంటే, ఆ ముసలాయన చేతికర్ర ఎత్తుకుని గోడ దూకి మరీ వచ్చాడు.

"నువ్వు తవ్వరా! ఇంకో పదేళ్ళు బతికి నీ తవ్వకమంతా దండగ చెయ్యకపోతే నా పేరు ఏసా కాదు!"

సరే, అసలు సంగతికొస్తాను. ఆ ఉద్యోగం హోలిస్‌కి ఒక మేలు చేసింది. రాళ్ళ మీద గుర్తులకి అర్థాలు తెలుసుకోవాలి కదా — అవి తెలిసినది ఊళ్ళో ఒక్కతే. సైలస్ కూతురు లురేనా.

లురేనా నా చిన్ననాటి స్నేహితురాలే. మొగుడు ఎబెన్ గేజ్ పోయి చాలా ఏళ్ళయింది. పాలరాయి మీద ఎబెన్ పేరు సైలసే చెక్కాడు. అది అతని ఆఖరి పని. మా ఆచారం ప్రకారం ఎబెన్ పేరు పక్కనే లురేనా పేరూ చెక్కాడు — పుట్టిన ఏడాది, ఒక గీత, గీత తరవాత పోయిన ఏడాది కోసం ఖాళీ. రెండు పేర్ల మధ్యా పట్టుకున్న రెండు చేతులు. ఆ చేతులు చూడ్డానికి పక్క ఊళ్ళనించి జనం వచ్చేవారు. మగచేతి బొటనవేలి గోరు దగ్గర చిన్న పగులుంటుంది, ఎబెన్‌కి నిజంగా ఉన్నట్టే. సైలస్ కంటికి కనపడింది కనపడ్డట్టే చెక్కేవాడు.

ఆ వసంతమంతా ఆదివారం ప్రార్థన అవగానే హోలిస్, లురేనా పై కొండకి వెళ్ళేవారు. పట్టపగలే లెండి. ఆమె చెప్పేది, వీడు వినేవాడు. జేబెజ్ వేలు నరకం వైపు కాదట. మబ్బుల్లోంచి దేవుడే చెయ్యి కిందికి చాచి హఠాత్తుగా తీసుకుపోయాడని దానర్థమట. అరిగిపోయిన రాయిని చదివే కిటుకు కూడా నేర్పింది.

"ఎదురుగా వెలుతురు కొడితే ఏమీ కనపడదు హోలిస్. దీపాన్ని రాయికి పక్కనించి, దాదాపు ఆనించి పట్టుకో. అప్పుడు చెక్కింది చెక్కినట్టు లేచొస్తుంది."

వీడు ఇంటికొచ్చి ఆ ముక్క నాకు మూడు సార్లు చెప్పాడు. నాకప్పుడే అర్థమైపోయింది.

మే నెలలో ఒకరోజు గొర్రెపిల్లల రాళ్ళ దగ్గర నిలబడి, టోపీ నలిపేస్తూ, పెళ్ళి చేసుకుందామా అని అడిగేశాడు. ఆమె ముందు ఓ గొర్రెపిల్ల మీది నాచు గోటితో గీకిందట. తరవాత, "నాన్నకి ఎబెన్ అంటే ప్రాణం. నా పేరు ఎబెన్ పక్కన తన చేత్తో చెక్కి వెళ్ళాడు. ఆ చేతులు విడదియ్యాలంటే నాకు మనసొప్పటం లేదు. ఆలోచించుకోనీ. మంచు పడేలోపు జవాబు చెప్తాను" అందట.

ఇంక చూడండి మావాడి అవస్థ. వేసవంతా ఆకాశం వంకే చూశాడు. సెప్టెంబరులో ఒక తెల్లమబ్బు వస్తే అన్నం మానేశాడు. రాతి చేతుల మీద అసూయపడే మనిషిని ఎక్కడన్నా చూశారా? నేను చూశాను, రోజూ నా వంటింట్లో.

నాకు మాత్రం దిగులు లేదా? ఉంది. ఆమె కాదంటే వీడు విరిగిపోతాడు. అవునంటే వీడు ఆమె ఇంటికి వెళ్ళిపోతాడేమో, ఈ పొయ్యి దగ్గర నేనొక్కదాన్నే మిగుల్తానేమో అని. ఆ మాట ఎవరితోనూ అనలేదు. బీన్సు కుండలో ఉప్పు ఎక్కువ పడేది, అంతే.

నవంబరు ఆఖరి వారం. ఆ పొద్దున గాలి మారింది. ఉత్తరంనించి, ఇనుము వాసన వేస్తూ. "ఈ రాత్రికి పడుతుంది" అన్నారు కొట్టు దగ్గర అందరూ.

హోలిస్ మొహం మాడిపోయింది. జవాబు రాలేదు. పైగా తవ్విన గోతుల మీద చెక్క పలకలు ఇంకా కప్పలేదు. మంచు నిండితే తవ్వినదంతా వృథా. పాలు పితకడం అయ్యేసరికి నాలుగైంది, అంటే మా దగ్గర చీకటే. వాడి కోటు చేతి అంచు కఫ్‌కి ఊడిపోయిన బటన్లు ఆ ఉదయమే కుట్టాను. కుడిచేతికి మూడు, గట్టిగా, నల్లదారంతో. అది తొడుక్కుని, టార్చి పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

"అక్కా... తోడు రావూ?"

"పొయ్యిలో రొట్టె ఉందిరా. వెళ్ళు. రెక్కల పుర్రెలు కరవ్వు."

ఇక్కణ్ణించి నేను చూడలేదు. ఆ రాత్రే వంటింట్లో కూర్చుని వాడూ ఇంకొకరూ ఒకరి నోట్లో మాట ఒకరు లాక్కుంటూ చెప్పినది చెప్తున్నాను.

ట్రక్కు గేటు దగ్గర ఆపి, పలకలు భుజానేసుకుని లోపలికెళ్ళాడు. కూనిరాగం తీస్తూ — భయమేస్తే వాడికి పాట వస్తుంది. ఏసా గొయ్యి కప్పాడు. గోడ పక్కది కప్పాడు. ఇంక మిగిలింది ఆఖరిది, గేజ్‌ల చోటులో. ఎబెన్ మేనత్త థాంక్‌ఫుల్‌కి తొంభై దాటాయి, ఆవిడకోసం తవ్విపెట్టింది.

అటు తిరిగాడు.

టక్.

పాట ఆగిపోయింది.

టక్... టక్‌టక్... టక్.

భుజమ్మీద పలకలు వాటంతటవే వణికాయట. వాటి చప్పుడుకి ఇంకా భయపడ్డాడు. చప్పుడు వస్తున్నది గేజ్‌ల రాయి దగ్గరనించి. ఆ రాయి వెనక, నేలకి దగ్గరగా, మినుకుమినుకుమంటూ పసుపు వెలుగు...

నిజం చెప్తున్నాను, నా తమ్ముణ్ణి ఎరిగినదాన్ని గనక — వాడు అప్పుడే ట్రక్కు దగ్గర ఉండాల్సింది. కాళ్ళు అటే తిరిగాయి కూడా. అప్పుడు తట్టింది వాడికి.

ఆ రాయి మీద ఎవరి పేరు పక్కన ఖాళీ ఉంది?

లురేనాది. పుట్టిన ఏడాది, గీత, ఖాళీ. సైలస్ ఇప్పుడు ఆ ఖాళీ నింపుతున్నాడేమో!

పలకలు కింద పడేశాడు. కోళ్ళ గూటికి ఒంటరిగా వెళ్ళలేనివాడు, ఆ చీకట్లో పుర్రెల మధ్యనించి, ఏడుపు చెట్ల మధ్యనించి, ఉలి చప్పుడు వైపుకే నడిచాడు. "ఆగండి..." అంటున్నాడట నోట్లో నోట్లో. "ఆగండి సైలస్ గారూ... ఆమెది చెక్కకండి... ఆగండి..." ఇది చెప్తున్నప్పుడు వాడు నా వంక చూడలేదు. నేనూ వాడి వంక చూడలేకపోయాను. మా వాడిలో ఇంత ఉందని అరవై ఏళ్ళు నాకు తెలీదు.

అడుగుల చప్పుడికి ఉలి ఆగిపోయింది. వెలుగు టప్పున ఆరిపోయింది.

గాలి కూడా లేదు.

టార్చి వెలిగించాడు. ఎదురుగా కొడితే తెల్లటి పాలరాయి తప్ప ఏమీ లేదు. నేర్చుకున్నది గుర్తొచ్చి, రాయి పక్కకి వెళ్ళి, టార్చి ఆనించి పట్టుకున్నాడు. ఎబెన్ పేరు లేచింది. పట్టుకున్న చేతులు లేచాయి. లురేనా పేరు లేచింది... పుట్టిన ఏడాది... గీత...

ఖాళీ.

"దేవుడా!" అని ఊపిరి వదిలాడు. అక్కడే ఆగి ఇంటికొచ్చేస్తే బాగుండేది. కానీ టార్చి వెలుగు ఇంకొంచెం పక్కకి జారింది. లురేనా పేరుకి ఇటువైపు, ఇన్నేళ్ళూ నున్నగా ఉన్నచోట, కొత్తగా, పచ్చిగా, అంచుల్లో తెల్లపొడి ఇంకా రాలుతూ —

హోలిస్ టటిల్.

పుట్టిన ఏడాది. గీత...

గీత తరవాత ఒక గాటు. అప్పుడే మొదలుపెట్టినట్టు.

రాయి వెనకనించి తెల్లటి ఆకారం లేచింది. తెల్లని ఒళ్ళు, తెల్లని తల. మొహంలో నోరు లేదు. రెండు కళ్ళే. చేతిలో ఉలి.

పరుగు! ఎటో చూసుకోలేదు. టార్చి ఎటో పోయింది. రెండంగలు వేశాడో లేదో, కాలి కింద నేల లేదు. తనే తవ్విన గోతిలో, థాంక్‌ఫుల్ అత్త కోసం నున్నగా అంచులు తీర్చిన గోతిలో, బొక్కబోర్లా...

దొర్లి చూస్తే పైన ఆకాశం, నలుచదరంగా. ఆ చదరంలోకి మెల్లగా తెల్లటి తల ఒకటి వంగింది.

"హోలిస్..." గుసగుస.

వీడు చేతులు జోడించేశాడు. "గీత తరవాత ఇంకా చెక్కలేదుగా సైలస్ గారూ! టైముందిగా! పొద్దున్నే పాలు పితకాలి... మా అక్క ఒక్కత్తే ఉంది..."

"సైలస్ ఎక్కడున్నాడయ్యా? నేనూ!"

"లురేనా?" అన్నాడు వీడు. "నువ్వు... నువ్వు కూడా పోయావా?"

"పోవడానికి నాకేం రోగం! నాన్నలా రాతిపొడి మింగకూడదని తలకీ నోటికీ గుడ్డ కట్టుకున్నాను. పిండి సంచితో కుట్టిన ఆప్రాన్ వేసుకున్నాను. నిన్ను చూసి నాకు గుండె ఆగినంత పనైంది! దీపం ఆర్పి దాక్కుంటే, నువ్వు సరాసరి రాయి దగ్గరికే రావాలా?"



"మరి... నా పేరెందుకు చెక్కావ్?"

"వసంతంలో ఒక మాట అడిగావుగా?"

"అడిగాను."

"మంచు పడేలోపు జవాబు చెప్తానన్నానుగా?"

"అన్నావ్."

"అదే జవాబు."

హోలిస్‌కి అర్థం కావడానికి చాలాసేపు పట్టింది. మా ఊళ్ళో ఎవడికైనా క్షణంలో అర్థమయ్యేదే. ఆడదాని పేరు పక్కన మగాడి పేరు రాతిలో చెక్కితే ఇంక పాదిరిగారు చెప్పాల్సింది ఏమీ మిగలదు. కానీ గోతిలో పడుకున్నవాడికి తన పేరు రాయి మీద కనిపిస్తే పెళ్ళి గుర్తుకు రావడం కష్టం కదండీ.

"నోటితో చెప్పొచ్చుగా లురేనా!"

"నోటితో చెప్తే చెరిగిపోతుందేమోనని. పూర్తవగానే పిలుచుకొచ్చి చూపిద్దామనుకున్నా. నువ్వు మధ్యలో తగలడ్డావ్."

"ఆ గీత పక్కన గాటేమిటి? నన్నప్పుడే..."

"నీ అడుగులు వినపడి ఉలి జారింది. దాన్నొక పువ్వుగా దిద్దేస్తాలే. ఆ చెయ్యి ఇలా ఇవ్వు."

పలక ఒకటి గోతిలోకి దించి, కోటు పట్టుకుని పైకి లాగింది. రాయి చెక్కేవాళ్ళింటి ఆడపిల్ల, ఆ చేతుల్లో సత్తువ తక్కువేం కాదు. పైకొచ్చి మట్టి దులుపుకుంటూ ఒకటొకటే అడిగాడు. ఇన్నేళ్ళూ వినిపించిన చప్పుడంతా ఆమేనా?

ఆమేనట. ఏటా మంచు పడే ముందు, పసిపిల్లల రాళ్ళ మీద చెరిగిపోతున్న పేర్లకి మళ్ళీ కొంచెం లోతు పోసేదట. "పెద్దవాళ్ళని ఊరు గుర్తుపెట్టుకుంటుంది. మూడ్రోజులు బతికిన పిల్లకి ఆ రాయి ఒక్కటే గదా హోలిస్. అదీ చెరిగిపోతే?" అందట. మరి దొంగతనంగా ఎందుకు? సమాధుల తోట పెద్ద అనుమతి లేకుండా రాయి ముట్టుకోకూడదని ఊరి నియమం. ఇదివరకటి పెద్ద ఆడదాన్ని ఉలి పట్టనివ్వనన్నాడట.

"ఇప్పటి పెద్దని నేనేగా" అన్నాడు హోలిస్.

"అందుకేగా నిన్ను చేసుకుంటున్నాను" అంది.

టార్చి వెతికి తెచ్చి, మళ్ళీ రాయి పక్కన ఆనించి, ఇద్దరూ చూశారు. ఎబెన్ ఒకవైపు, హోలిస్ ఒకవైపు, మధ్యన లురేనా. ఒక మగాడికి అటొక పెళ్ళాం, ఇటొక పెళ్ళాం ఉన్న రాళ్ళు మా పై కొండ మీద కొల్లలు. రెండో వరసంతా వాళ్ళే. ఆడదానికి అటూ ఇటూ మొగుళ్ళున్న రాయి అప్పటిదాకా ఒక్కటీ లేదు.

"ఎబెన్ ఏమనుకుంటాడో..." అన్నాడు హోలిస్.

"ఎబెన్‌కి ఒక చెయ్యి ఇచ్చాను. అది అతనిదే. విడదియ్యను. దేవుడు నాకు రెండు చేతులిచ్చాడు హోలిస్."

ఎవరైనా అయితే ఆ మాటకి కరిగి నీరైపోతారు. మావాడు రాయిని మళ్ళీ తేరిపార చూసి, "మరి నా పక్కన చేతులేవీ?" అన్నాడు. చిన్నపిల్లాడు, తన పళ్ళెంలో మిఠాయి తక్కువైందన్నట్టు.

లురేనా మొహం కొంచెం చిన్నబోయిందట. "నాకు అక్షరాలే వచ్చు. చేతులు చెక్కడం రాదు. నాన్న చాలా నేర్పబోయాడు, నావల్ల కాలేదు. చేతులు నాన్నకే వచ్చేవి." ఉలి ఆప్రాన్‌కి తుడుస్తూ అంది — "నాన్న ఉంటే ఒప్పుకునేవాడో లేదో. అదొక్కటే నాకు... పోనీలే. పేరుతో సరిపెట్టుకో."

పనిముట్లు మూట కట్టింది. ఉలి, సుత్తి, కుంచె అన్నీ సంచిలో వేసి, సంచి మూతి బిగించి భుజానికి తగిలించుకుంది. మిగిలిన గొయ్యి ఇద్దరూ కలిసి కప్పేశారు. చేయీ చేయీ పట్టుకుని గేటు దాకా వచ్చారు.

టక్.

ఇద్దరూ ఆగిపోయారు.

టక్... టక్‌టక్...

"లురేనా..." అన్నాడు హోలిస్ గుసగుసగా. "సంచి నీ దగ్గరే ఉందిగా?"

"ఉంది."

"వడ్రంగిపిట్టేమో..."

"చీకట్లోనా?"

వెనక్కి ఎవరూ తిరగలేదు. ట్రక్కు ఎలా ఎక్కారో ఇద్దరికీ గుర్తులేదు.

మా వంటింటి తలుపు దడాలున తెరుచుకుంది. ఇద్దరూ మట్టి, పొడి, తెల్లమొహాలు. నేను నోరు తెరిచేలోపే లురేనా కుర్చీలో కూలబడి, "వదినా, ముందు వేడిగా టీ ఇవ్వు" అంది.

వదినా.

యాభై ఏళ్ళనించీ ఆమెకి నేను కెజయానే. ఆ ఒక్క పిలుపుతో సంగతంతా తెలిసిపోయింది నాకు. టీ పొడికి బదులు మిరియాలు వేశానని తరవాత ఇద్దరూ చెప్పారు. ఆమె అక్కడితో ఆగలేదు, "నా ఇంటి కప్పు కారుతోంది వదినా. నేనే ఇక్కడికి వచ్చేద్దామనుకుంటున్నా, నీకు ఇష్టమైతే" అంది. నేను పొయ్యి వైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నాను. పొగ అన్నాను.

తరవాత హోలిస్ కోటు చూశాను, ఏడుపు ఎగిరిపోయింది.

"ఒరేయ్! పొద్దున్నే కుట్టాను గదరా!" కుడిచేతి కఫ్ మీద మూడు బటన్లలో నడిమిది లేదు. నల్లదారం పోగు వేలాడుతోంది. గోతి అంచున రాసుకుని ఊడిపోయుంటుంది. పొద్దున్నే వెళ్ళి వెతుకుతానన్నాడు.

ఆ రాత్రే మంచు పడింది. తెల్లారేసరికి మోకాలి లోతు. పై కొండ దారి మూసుకుపోయింది. మా దగ్గర ఆ దారిలో మంచు ఎవరూ తియ్యరు, చచ్చినవాళ్ళకి తొందరేముంటుందని. క్రిస్మస్‌కి ముందువారం పెళ్ళయింది. ఆ చలికాలమంతా లురేనా నా పొయ్యి దగ్గరే ఉంది, నా బీన్సులో ఉప్పు సరిచేస్తూ. ఊళ్ళో ఎవరూ పోలేదు. ఏసా పార్కర్ వారానికోసారి వచ్చి, తన గొయ్యి ఎలా ఉందని హోలిస్‌ని పరామర్శించి పోయేవాడు.

మే నెలలో దారి తెరుచుకుంది. వాడని గోతులు పూడ్చాలి. ముగ్గురం వెళ్ళాం. థాంక్‌ఫుల్ అత్త కూడా బండి కట్టించుకుని వచ్చింది, తన గొయ్యి పూడుస్తుంటే చూసి ఆనందించడానికి.

నేను గోతిలో బటన్ వెతుకుతున్నాను. పైనించి లురేనా పిలిచింది. పేరు పెట్టి కాదు, ఏదో శబ్దం, అంతే. పరిగెత్తాను.

రాయి ముందు గడ్డిలో కూర్చుండిపోయి ఉంది. హోలిస్ టోపీ చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. పట్టపగలు, ఎండ పక్కనించి పడుతోంది. చెక్కింది చెక్కినట్టు లేచి కనిపిస్తోంది.

లురేనా పేరుకీ హోలిస్ పేరుకీ మధ్య, పట్టుకున్న రెండు చేతులు.

ఆడచెయ్యి ఎడమది. కుడిచెయ్యి అటువైపు ఎబెన్ దగ్గరే ఉంది, విడదియ్యలేదు. వేళ్ళ ముడుతలు, గోళ్ళు, మణికట్టు దగ్గర నరం... లురేనా ఆ చేతుల మీద వేళ్ళు పెట్టి, ఏడుస్తూనే నవ్వుతూ, "ఒప్పుకున్నాడు... నాన్న ఒప్పుకున్నాడు" అంటోంది. అత్త ఎవరు ఎవరికి ఏం ఒప్పుకున్నారని గట్టిగా అడుగుతోంది. ఆవిడకి చెవుడు.

నాకు అన్నిటికీ వెటకారమే అన్నానుగా. రాళ్ళు కోసే గ్రానైటు షెడ్డులో పనిచేసే కుర్రాడెవడో మంచులో నడిచొచ్చి తమాషా చేసుంటాడు అనబోయాను. మాట నోటిదాకా వచ్చింది. అప్పుడు మగచేతి కఫ్ మీద పడింది నా చూపు.

మూడు బటన్లకి చోటుంది. పైది ఉంది. కిందిది ఉంది. నడిమిది లేదు — అక్కడ ఒక్క దారం పోగు, రాతిలో, సన్నగా, వేలాడుతోంది.

హోలిస్ ఆ కోటే వేసుకుంటాడు ఇప్పటికీ. ఆ బటన్ కుట్టవేం అక్కా అని ప్రతి చలికాలం అడుగుతాడు. నేను కుట్టను. సైలస్ కనపడింది కనపడ్డట్టే చెక్కేవాడు. ఆ పెద్దాయన పని తప్పని చూపించడానికి నేనెవర్ని?